పోచమ్మకు గురిపెట్టిన బాణం

ఎనభై ఎనిమిదిలో ఒక ఆదివారం. తెల్లారకముందే సూర్యారావు ఇంట్లో పులిహోర తిరగమోత ఘుమఘుమలాడింది. నర్సాపూర్ అడవిలో కార్ల ర్యాలీ చూడ్డానికి ప్రయాణం. పెళ్లయిన పదకొండేళ్లలో భార్య వెంకటలక్ష్మికి ఊటీ, మైసూరు, ఆఖరికి గోల్కొండ కూడా చూపిస్తానని మాటిచ్చి, ప్రతిసారీ ఫ్యాక్టరీ షిఫ్టు అడ్డం పెట్టుకుని తప్పించుకున్న మనిషాయన. "ఇది కూడా తప్పిందో, ఈ జన్మలో మీ మాట నమ్మను" అని ఆవిడ ముందే తేల్చి చెప్పింది. పైగా సూర్యారావు పక్కింటి రామలింగేశ్వరరావుతో, "మీరు అరుగు మీద కూర్చుని పేపర్లో చదువుకోండి, మేం కళ్లారా చూసొస్తాం" అని కోతలు కోసి ఉన్నాడు. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

పటాన్‌చెరు పక్కనే ఉన్న తమ బీరంగూడ నుంచి ఐలన్న ఆటో మాట్లాడుకున్నారు. అత్తగారు బుల్లెమ్మ గొడుగుతో సహా మధ్యలో కూర్చుంది. అడవిలో దారి రెండుగా చీలేచోట ర్యాలీవాళ్లు ఎర్ర బాణం గీసిన బోర్డు పాతారు. బాణం కుడి దారిని చూపిస్తోంది. సరిగ్గా బాణం మొనకెదురుగా వేపచెట్టు కింద పసుపు పూసిన పోచమ్మ రాయి ఉంది.

"ఆపు, ఆపు!" బుల్లెమ్మ కేకేసింది. "అమ్మవారి గుండెకి గురిపెట్టి బాణం నిలబెట్టారేమిటర్రా! కళ్లు పోతాయి!"

ఐలన్న దిగి చూసి చెంపలేసుకున్నాడు. "నిజమే పెద్దమ్మా. గిది మంచిగ లేదు. అమ్మకు కోపమొస్తే ఊరంత ఆగమైతది."

"అల్లుడుగారూ, చూస్తూ ఊరుకుంటారా?"

అత్తగారి మాట కాదన్న పాపాన సూర్యారావు ఎన్నడూ పోలేదు. ఆయనా ఐలన్నా కలిసి బోర్డు పీకి, బాణాన్ని ఎడమ దారికి తిప్పి, మళ్లీ గట్టిగా పాతారు. అంతంత పెద్ద డ్రైవర్లకు దారి తెలియకుండా ఉంటుందా అనుకున్నాడాయన. తర్వాత కుడి దారినే అరమైలు పోయి, మలుపు దగ్గర దుప్పటి పరిచారు.

పదింటికి కార్ల మోత వినిపించింది. అందరూ లేచి నిలబడ్డారు. మోత దగ్గరికొచ్చింది, పెద్దదైంది, అంతలోనే సన్నగిల్లి మాయమైంది. ఇలా ఇరవై మూడు సార్లు! పులిహోర అయిపోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఆ దారిన వచ్చినవి రెండు మేకలే. వెంకటలక్ష్మి ఖాళీ గిన్నె బోర్లించి, దుప్పటి మడత పెట్టసాగింది. అదే సూర్యారావు ప్రాణం తోడేసింది. అడవిలో ఎవరూ లేకపోతే ఏడ్చేసేవాడే.

చివరికి ఒక జీపొచ్చి ఆగింది. బ్యాడ్జీ పెట్టుకున్న ర్యాలీ మనిషి కిందికి దూకాడు. "ఎవడో బోర్డు తిప్పిండు! కార్లన్నీ పెద్ద రోడ్డెక్కి పటాన్‌చెరు దిక్కు పోయినయ్. దొరికితే వాని తోలు తీస్త!"

"ఎంత దుర్మార్గం!" అన్నాడు సూర్యారావు, అందరికంటే ముందు.

"దుర్మార్గమేమిటి నాయనా?" బుల్లెమ్మ గర్వంగా ముందుకొచ్చింది. "తిప్పింది మా అల్లుడుగారే. అమ్మవారంటే అంత భక్తి!"

ఆ తర్వాత అరగంటసేపు ఆ మనిషి తిట్టిన తిట్లన్నీ సూర్యారావు తలొంచుకుని విన్నాడు. ఐలన్న పోచమ్మ పేరు చెప్పి దండం పెట్టబట్టి తోలైతే మిగిలింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వీధి తిరునాళ్లలా ఉంది. రామలింగేశ్వరరావు అరుగు దిగి ఎదురొచ్చాడు.

"ఎక్కడికి పోయారండీ! కార్లన్నీ దారి తప్పి మన వీధిలోకే వచ్చాయి. ఒకాయన మీ గుమ్మం ముందే ఆపి మంచినీళ్లడిగాడు. మా ఆవిడ కాఫీ కూడా ఇచ్చింది!"

వెంకటలక్ష్మి తాళం తీస్తూ, "ఈసారి ఊటీ అనుకుంటే చెప్పండి. నేను ఇంట్లోనే ఉంటాను, అదే వస్తుంది" అంది.

ఆ రోజు ఆ వీధిలో కార్లు చూడనివాళ్లు ముగ్గురే. వాటిని అక్కడికి పంపించిందీ ఆ ఇంటివాళ్లే.