హనుమయ్య చేపల ఆకలి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు తొలకరి రోజులు. ఆ సోమవారం ఉదయం, దొడ్డి వెనక గుంటలో తాను పెంచుతున్న చేపలకు బాగా మేత వేయాలని హనుమయ్య నిశ్చయించుకున్నాడు. ఆదివారం నాడు బెజవాడ నుంచి బావమరిది వెంకటప్పయ్య భోజనానికి వస్తున్నాడు. మా గుంటలోని బొచ్చె చేప తలకాయ నీ కంచంలో పట్టదని హనుమయ్య అతనికి ముందే ఉత్తరం రాసేశాడు. చేపలు మాత్రం ఇంకా జానెడు దాటలేదు. ఆరు రోజుల్లో వాటిని ఉత్తరానికి సరిపడా పెంచాలని బస్తా తెలగపిండి ఒక్కసారే గుంటలో కుమ్మరించాడు.

శుక్రవారానికి నీళ్లు చిలకపచ్చగా చిక్కబడ్డాయి. శనివారం తెల్లవారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"చూశావా, ఎంత ఆకలి పుట్టిందో" అన్నాడు భార్యతో.

"ఆకలిలా లేదండీ, ఆయాసంలా ఉంది" అంది మాణిక్యమ్మ.

హనుమయ్య రెండో బస్తా వేశాడు. ఆదివారం పొద్దుటికి చేపలు ఇంకా పెద్దగా నోళ్లు తెరిచాయి. మూడో బస్తా మూతి విప్పుతుండగా, చేపలమ్ముకునే అమలమ్మ గంపతో వచ్చి గట్టు మీద ఆగింది.

"ఆపండయ్యగారూ. అవి అడిగేది తిండి కాదు, గాలి. పిండి కుళ్లి నీళ్లు పాచిపట్టాయి. కాలవ నీళ్లు పెట్టండి. ఈలోగా గట్టుమీది ఏతంతో నీళ్లు తోడి, గాలి కలిసేలా పైనుంచి గుంటలోకే పొయ్యండి. లేకపోతే మధ్యాహ్నానికి ఒక్కటీ మిగలదు."

అప్పుడే బస్సు దిగి మల్లెపువ్వులాంటి పంచెతో వచ్చిన వెంకటప్పయ్యకు మంచినీళ్లకంటే ముందు ఏతం బాన అందింది.

"ఇక్కడి నీళ్లు ఇక్కడే పొయ్యడమేంటి బావా?"

"తర్వాత చెబుతా, ముందు తోడు" అన్నాడు ఏతం దూలం మీద నడుస్తూ హనుమయ్య.

అలవాటు లేని చేతులు. సగం నీళ్లు గట్టు దాటి పక్కనున్న బసవపున్నయ్య నారుమడిలో పడ్డాయి. ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఈ పసరంతా నా మళ్లో పోస్తావేమయ్యా? నారు కుళ్లిందంటే పెద్దమనుషుల్లో పెడతా నిన్ను."

కాలవ నీళ్లు చేరాక చేపలు ఒక్కొక్కటే అడుగుకు దిగాయి. నాలుగు మాత్రం పోయాయి. అంత శ్రమపడి బతికించినవాటిని కొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాక, మాణిక్యమ్మ అమలమ్మ గంపలోని చేపలే కొని పులుసు పెట్టింది. నడుం పట్టుకుని కూర్చున్న వెంకటప్పయ్య మూడుసార్లు వడ్డించుకుని తృప్తిగా తిన్నాడు.

నారు సంగతి తలచుకుని హనుమయ్య రెండు వారాలు అటువైపు పోలేదు. చివరికి బసవపున్నయ్యే వచ్చాడు. చేతిలో కర్ర లేదు, భుజాన తెలగపిండి బస్తా ఉంది.

"పాలిపోయిన నారు నీ పసరు తగిలి ఏపుగా, నల్లగా లేచిందయ్యా. ఊళ్లో అలాంటి నారు లేదు. ఈ బస్తా కూడా నీ గుంటలో వేసి, మళ్లీ ఆ నీళ్లే కాస్త మా మళ్లోకి వదులుదూ" అన్నాడు బతిమాలుతూ.

హనుమయ్య తేటపడిన గుంట వైపు చూశాడు.

"చేపల్ని అడిగి చెబుతాను" అన్నాడు.