మా ఆయన రెండు నిమిషాలు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ వినాలంటే మీరు సెలవు పెట్టాల్సి వస్తుంది కాబట్టి ఒక్కటే చెబుతాను. తడి తువ్వాలు మంచం మీద పడేసినంత తేలిగ్గా ఆయన తన ఆత్మను నా మీద పడేసి, "కాస్త చూసుకో" అని లిఫ్టులు బాగుచేయడానికి వెళ్లిపోయారు. అలా పదకొండు నెలలు గడిచాయి.

మా సంఘంలో పది కుటుంబాలవాళ్లం ప్రతి గురువారం సాయంత్రం ఒకరింట్లో కూడుకుంటాం. ప్రార్థన అయ్యాక ఇంటికొకరు లేచి, ఆ వారం బైబిలు వాక్యంలో ఏం చదివారో, అది తమలో ఏం మార్చిందో రెండు నిమిషాలు చెప్పాలి. ఇంటికొకరే. అందర్నీ చెప్పనిస్తే ఎవరూ ఇళ్లకు వెళ్లరని పాస్టరుగారి భయం. మా ఇంటి తరఫున ఆ ఒకరు మా ఆయన. చదివేది మాత్రం నేను.

పొద్దున ఆయన గడ్డం గీసుకునే వేళకు నేను స్టవ్ ముందు నిలబడి చదివేదాన్ని. బుధవారంకల్లా చీటీ రాసి ఆయన చొక్కా జేబులో పెట్టేదాన్ని. ఆయన దాన్ని బట్టీపట్టి, గురువారం లేచి, కళ్లు మూసుకుని, ఒక నిట్టూర్పు విడిచి అప్పజెప్పేవారు. నిట్టూర్పు ఒక్కటే ఆయన సొంతం.

"భార్యాభర్తలు ఏకశరీరమన్నారు కదా. నువ్వు చదివితే నాకు పట్టదూ?" అన్నారు ఒకసారి.

మర్నాడు ఖాళీ టిఫిను డబ్బాలో చీటీ పెట్టి పంపాను. 'నేను తిన్నాను. మీకు కడుపు నిండిందా?'

సాయంత్రం ఆకలితో వచ్చారు గాని, బుద్ధితో రాలేదు.

"ఏమండీ, లిఫ్టు బాగుందని పక్క మెకానిక్ చెబితే మీరు సంతకం పెడతారా?"

"చస్తే పెట్టను. నేనెక్కి మూడుసార్లు పైకీ కిందకీ తిరిగి చూడాలి. పడితే ప్రాణాలు పోతాయి."

అర్థమైందా అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన చేతులు తుడుచుకుని, "ఈ వారం చీటీ రాశావా?" అన్నారు.

రాయడం మానేయొచ్చు కదా అంటారు మీరు. మానొచ్చు. కానీ నా మాటలకు పదిళ్లవాళ్లు తలలూపుతుంటే మానబుద్ధి కాలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, మా ఆయన సెలవులో ఇంట్లో ఉండగా పాస్టరుగారి ఫోను వచ్చింది. మా సంఘంలోని టైలరు బాబాయిగారికి మర్నాడు గుండె ఆపరేషను. కొడుకులు ఎంత బతిమాలినా ఒప్పుకోని మనిషి, మూడు వారాల కిందట భయం గురించి మా ఆయన చెప్పింది విని ఒప్పుకున్నారట. ఇప్పుడు మా ఆయనే వచ్చి పక్కన కూర్చోవాలని పట్టుబడుతున్నారట.

మా ఆయన మొహంలో రక్తం లేదు. "భయం గురించి నేనేం చెప్పాను?"

"బాగా చెప్పారు."

"నువ్వు కూడా రా."

"ఒక్కరినే రానిస్తారట."

అప్పుడు పుట్టింది ఆ ఆలోచన. వైరున్న ఇయర్‌ఫోను ఎడమ చెవిలో పెట్టుకుని, దాని మీదికి జుట్టు దువ్వారు. అక్కడున్నవి ఏడు వెంట్రుకలు. నేను ఇంట్లో ఫోను పట్టుకుని చెబుతుంటే ఆయన అక్కడ పలకాలి. వద్దనాల్సింది. అనలేదు.

నాలుగింటికి కాల్ కలిసింది. కుక్కరు ఆపేసి, వాక్యం బల్ల మీద తెరిచి కూర్చున్నాను.

"ధైర్యంగా ఉండండి అనండి," అన్నాను.

"ధైర్యంగా ఉండండి అనండి," అన్నారు మా ఆయన.

"అనండి వద్దు!"

"అనండి వద్దు."

ఈలోగా పక్కింటావిడ తలుపు తోసి పెద్ద గిన్నె అడిగింది. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోయి, "అటక మీద ఉంది, తీసుకోండి," అన్నాను.

"అటక మీద ఉంది, తీసుకోండి," అన్నది ఆసుపత్రిలో గంభీరమైన గొంతు.

"అంటే వాక్యం చెప్పినట్టు పైనున్నవాటినే వెతకమంటావు. ఎంత మాటన్నావు అబ్బాయ్!" అన్నారు బాబాయిగారు.

నేను ఊపిరి తీసుకునేలోపే ఒక నర్సు గొంతు వినిపించింది. "ఏమిటండీ చెవిలో ఆ వైరు? ఇక్కడ ఫోన్లు కుదరవు. తీసేయండి."

టక్కుమని వైరు పీకిన చప్పుడు. ఫోను జేబులో పడింది. కంగారులో కాల్ కట్ చేయలేదు. ఇక ఆయన మాటలు నాకు వినిపిస్తాయి, నా మాట ఆయనకు చేరదు.

"దగ్గరికి జరుగు అబ్బాయ్," బాబాయిగారి గొంతు సన్నగా వస్తోంది. "పొద్దున ఏడింటికి తీసుకెళతారు. ఆ రోజు చెప్పావు చూడు, కడుపులో గడ్డేమోనని పరీక్ష చేశారనీ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రిపోర్టు కోసం మూడు రోజులు చూశాననీ. గరిటె పట్టుకుంటే చెయ్యి వణికిందన్నావు. నీకు గరిటెతో పనేమిటా అని అప్పుడే అనుకున్నాలే. ఆ భయం నిన్నెలా వదిలింది? అది చెప్పు. దాని మీదే నేను ఒప్పుకున్నాను."

నేను కుర్చీలోంచి లేచాను. ఆ చీటీని ఆయన ఉత్త కథనుకున్నారని నాకు తెలుసు.

ఫోనులో ఏదో బండి చక్రాల చప్పుడు దగ్గరకొచ్చి, దూరమైంది.

"అబ్బాయ్?"

"బాబాయిగారూ, అది నాకు జరగలేదు."

"మరి?"

"మా ఆవిడకి జరిగినట్టుంది," అన్నారు మా ఆయన. "నాకిప్పుడే తెలుస్తోంది. తను రాసిచ్చింది అప్పజెప్పానంతే. భయం ఎలా పోతుందో నాకు తెలీదు. పదకొండు నెలలుగా ఒక్క ముక్క సొంతంగా చదవలేదు, ప్రార్థనా చెయ్యలేదు."

"మరి నేను సంతకం పెట్టేశానే!"

అయిపోయింది, ఆ మనిషి మంచం దిగి ఇంటికెళ్లిపోతారు అనుకున్నాను. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. మంచం కిర్రుమంది. ఆ తరవాత ఒక దగ్గు.

"మా ఇంట్లోనూ అంతే. నలభై ఏళ్లు నా ప్రార్థనలన్నీ మీ పిన్నే చేసింది. తను పోయాక ఎక్కడ మొదలెట్టాలో తెలీక నిన్ను పిలిపించాను."

"అయితే ఇద్దరికీ రాదన్నమాట."

"రాదు. కానీ రేపు బల్ల మీద పడుకునేది నేను. అక్కడికి ఎవరూ తోడు రారు. మొదలెట్టు."

"పెద్దవారు మీరు..."

"తప్పించుకోకు!"

"ప్రభువా," అన్నారు మా ఆయన. "నేను... లిఫ్టు మెకానిక్‌ని."

"ఆయనకు తెలీదా?"

"మధ్యలో మాట్లాడకండి, తప్పిపోతాను. ప్రభువా, ఈయనకు భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది. మా ఆవిడ భయపడినప్పుడు నేను ఒకే ఇంట్లో ఉండి కూడా చూడలేదు. మా ముగ్గురినీ చూసుకో. ఆమేన్."

"ఆమేన్," అని, బాబాయిగారు తడబడుతూ తన వంతు అందుకున్నారు. నేను ఫోను పెట్టేశాను. పదకొండు నెలల్లో అంత మంచి ముక్క నేనొక్కటీ రాయలేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం కుళ్లు కూడా కలిగింది.

ఆయన ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "రిపోర్టు?"

"ఏమీ లేదన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానుగా. మీరు బట్టీపట్టారు కూడా."

ఆ మాట అనగానే నాలుక కరుచుకున్నాను. ఆయన నా చేతిలోని గరిటె తీసుకుని తనే వడ్డించారు. మా దెబ్బలాటల్లో ఆయన అలా వదిలేయడం అదే మొదటిసారి.

ఆపరేషను బాగా జరిగింది. బాబాయిగారు కళ్లు తెరవగానే, "ఈ గౌను కుట్టినవాడెవడు?" అని అడిగారట. ఇక దిగుల్లేదనుకున్నాం.

గురువారం అలవాటుకొద్దీ రాసిన చీటీని ఆయన తీసుకోలేదు. నా సంచీలోనే ఉండిపోయింది. తన వంతు రాగానే లేచారు. కళ్లు మూసుకోలేదు, నిట్టూర్చలేదు.

"ఇన్నాళ్లూ నేను చెప్పినవన్నీ మా ఆవిడవి. అబద్ధమాడాను, క్షమించండి. ఈ వారం ఆరు వచనాలు చదివాను. నాలుగు అర్థం కాలేదు. ఒక నిమిషం మిగిలింది, అది తనకిస్తున్నాను."

గదంతా నావైపు తిరిగింది. ఎన్నాళ్లకు దక్కిన గౌరవం! చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచాను.

"చెప్పమ్మా. ఈ వారం నీకేం దొరికింది? నీలో ఏం మారింది?" అన్నారు పాస్టరమ్మ.

సంచీలోంచి చీటీ తీశాను. 'నేను మొండివాణ్ణి. చెప్పిన మాట వినను.' మడిచేశాను. పోయిన వారానిది గుర్తు తెచ్చుకున్నాను. కోపం గురించి. అంతకుముందుది బద్ధకం. ఆ భయం చీటీ ఒక్కటి తప్పిస్తే పదకొండు నెలల వాక్యమంతా నేను మా ఆయన తప్పులు వెతకడానికే చదివాను. ఆయన నోటితోనే అవి ఒప్పించి, పది కుటుంబాల ముందు కూర్చుని తలూపాను. నా కోసం వెతికితే ఒక్క వచనం కనబడలేదు.

పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. మా ఆయన మాత్రం తాపీగా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"నేను... ఆయన్ని దిద్దడానికే చదివాను. నా కోసం చదవలేదు. ఆయన పనంతా నేనే చేసి, ఆయన్ని ఎదగనివ్వలేదు, నేనూ ఎదగలేదు. తప్పు నాదే," అన్నాను, నేల చూస్తూ.

"కాస్త గట్టిగా," అన్నారు మా ఆయన. "వెనక వాళ్లకి వినబడలేదు."

"తప్పు నాదే!"