నక్కలగుట్ట పోలీసువారి చిరునవ్వు

ప్రజలకు పోలీసులంటే ఉన్న భయం పోవాలని పై అధికారులు నిర్ణయించారు. నెలాఖరులోగా పోవాలని గడువు కూడా పెట్టారు. ప్రతి స్టేషనూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఖాతా తెరవాలి. రోజుకు రెండు ఫోటోలకు తగ్గకుండా పెట్టాలి. ప్రతి ఫోటోలోనూ కనీసం ఒక పోలీసు నవ్వుతూ కనిపించాలి. నవ్వని పక్షంలో అందుకు కారణాలు రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఈ ఉత్తర్వు పుంగనూరు అవతల ఉన్న నక్కలగుట్ట స్టేషన్‌కు చేరిన రోజున హెడ్ కానిస్టేబుల్ లక్ష్మీపతి ఒక గొర్రెల తగాదాకు పంచనామా రాస్తున్నాడు. ఆయన చేతిరాత ముత్యాలకోవ. ఆయన రాసిన పంచనామా చదివి, నేరం ఇంత అందంగా జరిగిందా అని కోర్టులో గుమాస్తాలు మురిసిపోయేవాళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన డ్యూటీ మీద నవ్వింది ఒక్కసారే. ఆ నవ్వులో ఉండగానే ముద్దాయి గోడ దూకి పారిపోయాడు. అప్పటినుంచి మళ్ళీ ఆ పని పెట్టుకోలేదు.

ఎస్సై అరుణ్ కుమార్ ఉత్తర్వు చదివి ఆయన్ను పిలిచాడు.

"ఏమప్పా లక్ష్మీపతీ, స్టేషన్ మొత్తానికీ నీ రాత బాగుంటాది. ఇన్‌స్టా నువ్వే సూసుకో."

చేతిరాతకూ ఇన్‌స్టాకూ సంబంధమేమిటో లక్ష్మీపతికి బోధపడలేదు. అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు సజావుగా గడిచింది అడగకపోవడం వల్లనే.

మదనపల్లెలో ఒక కల్యాణమండపంలో శిక్షణ ఏర్పాటు చేశారు. ముందురోజు పెళ్ళి తాలూకు వధూవరుల పేర్లు వేదిక మీద పూలతో ఇంకా అలాగే ఉన్నాయి. వాటి కింద నిలబడి, బెంగళూరు నుంచి వచ్చిన గీత అనే నిపుణురాలు నలభై ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళకు ఉపన్యాసం ఇచ్చింది.

"పోలీసు అంటే ఉద్యోగం కాదు, ఒక అనుభూతి. లాఠీ అంటే కర్ర కాదు, ఒక భరోసా. ఆ అనుభూతినీ ఆ భరోసానూ మనం చదరపు ఫోటోలో ఇమిడ్చి ప్రజల అరచేతిలో పెట్టాలి. వెలుగు ఎప్పుడూ ముఖం మీద పడాలి. కేసుల మీద కాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. వాల్మీకిపురం నుంచి వచ్చిన ఒక పెద్ద మీసాల హెడ్డు మాత్రం లేచి నిలబడ్డాడు.

"మేడమ్, శవం దొరికిందనుకోండి. ఫోటోలో ఎవురు నవ్వాల?"

గీత ఓపికగా చెప్పింది. "అలాంటివి మన పేజీకి నప్పవండీ."

లక్ష్మీపతి తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. 'శవం: నప్పదు.'

నక్కలగుట్ట స్టేషన్ రూపురేఖలు వారంలో మారిపోయాయి. ఫిర్యాదులు రాసుకునే బల్ల కిటికీ పక్కన, మంచి వెలుతురులో ఉండేది. అంత వెలుతురు ఫిర్యాదులకు దండగని దాన్ని తీసేసి, అక్కడ గుండె ఆకారంలో ఒక అట్టచట్రం నిలబెట్టారు. వచ్చినవాళ్ళు అందులో తల పెట్టి ఫోటో దిగవచ్చు. ఫిర్యాదీలకు సైకిల్ స్టాండు కేటాయించారు. లాకప్ గోడకు పొద్దుతిరుగుడు పూలు వేయించారు. లోపల ఉన్న తాగుబోతు ఒకడు ఆ పూలు చూసి, తాను ఇంటికి వచ్చేశాననుకుని భార్యను కాఫీ అడిగాడు.

ఎస్సైగారు ఒక వృద్ధుణ్ణి చేయి పట్టుకుని రోడ్డు దాటించారు. వెలుగు కుదరనందున వెనక్కి దాటించారు. ఈసారి లారీ అడ్డం వచ్చినందున మూడోసారి దాటించారు. ఆ వృద్ధుడు నిజానికి రోడ్డు దాటేందుకు రాలేదు, పలమనేరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. బస్సు పోయింది. ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది. వెయ్యిమంది దండం పెట్టారు.

ఆ నెలలో నమోదైన కేసులు పందొమ్మిది నుంచి నాలుగుకు పడిపోయాయి. శాంతిభద్రతలు ఇంత వేగంగా మెరుగుపడటం జిల్లాలో ఎన్నడూ లేదని పైనుంచి ప్రశంస వచ్చింది. రాసే బల్ల లేకపోవడం ఇందుకు దోహదం చేసిందన్న సంగతి ప్రశంసలో పేర్కొనలేదు.

ఆ రోజుల్లోనే సదుం దోవలో ఉండే ఒక పల్లె నుంచి వెంకటమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆమెకున్నదల్లా ఒక పుంగనూరు ఆవు, దాని దూడ. పుంగనూరు జాతి పొట్టిది, ఆవే నడుమెత్తు ఉంటుంది. ఇక దూడ కుక్కపిల్లకు కొంచెం పెద్ద, మేకకు కొంచెం చిన్న. దాని పేరు సిట్టి. ఎవరో దాన్ని ఎత్తుకుపోయారు.

"పట్టపగులే సార్. నీళ్ళు తేను పోయొచ్చేలోపల మాయం. చంకలో పెట్టుకోని పోయుంటారు. ఇదో, పశువుల డాక్టరు ఇచ్చిన కార్డు. దాని చెవికి పచ్చబిళ్ళ ఏసి, ఆ నంబరు ఈడ రాసిచ్చినాడు."

లక్ష్మీపతి సైకిల్ స్టాండులో ఒక స్కూటర్ సీటు మీద కాగితం పరిచి ఫిర్యాదు రాశాడు. బిళ్ళ మీది పన్నెండంకెల నంబరును ఒక్కో అంకే చెక్కినట్టు రాశాడు. తీసుకెళ్ళి ఎస్సై ముందు పెట్టాడు.

"ఇప్పుడు ఎఫ్ఐఆర్ వద్దప్పా. ఈ నెల జిల్లాలో మనది మూడో ప్లేసు. గేదె కూడా కాదు, దూడ. ఆ దూడ కోసరం నాలుగో ప్లేసుకు పోదామా?" అన్నాడు అరుణ్ కుమార్. అయితే ఆయన మనసు లేనివాడేమీ కాదు. బయటికి వచ్చి వెంకటమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. లక్ష్మీపతి ఫోటో తీశాడు. 'అమ్మా, మేమున్నాం' అని కింద రాసి పెట్టారు. పద్నాలుగు వందల లైకులు వచ్చాయి.

మూడోరోజు వెంకటమ్మ మళ్ళీ వచ్చింది. "లచ్చీపతప్పా, నా పటం తీసుకుంటిరి, బాగుండాది. నా దూడ యాడుండాది?"

"సూస్తాండామమ్మా," అన్నాడు లక్ష్మీపతి. తాను చూస్తున్నది ఫోన్‌నని ఆయనకు తెలుసు. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

తరువాతి ఆదివారం కుప్పంలో మునిరత్నప్ప అనే పెద్దమనిషి కొత్త ఇంటి గృహప్రవేశం జరిగింది. ఆయన ఇళ్ళస్థలాల వ్యాపారి. నక్కలగుట్ట స్టేషన్‌కు ఎనిమిది నిఘా కెమెరాలు విరాళం ఇస్తానని మాట ఇచ్చినవాడు. అందుచేత ఎస్సైగారు వెళ్ళక తప్పలేదు, ఆయన నవ్వు వెంట లక్ష్మీపతి కెమెరా వెళ్ళక తప్పలేదు.

హాలు మధ్యలో పట్టుపరుపు మీద ఒక పుంగనూరు దూడ కూర్చుని ఉంది. మెడలో వెండి మువ్వలు, నుదుట కుంకుమ. పిల్లలు దానికి కేకు పెడుతున్నారు. అది తినకుండా వాకిలి వైపు చూస్తోంది. ఎస్సైగారు దాన్ని ఎత్తి ఒడిలో పెట్టుకున్నారు. అది ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని పొదుగు అనుకుని చీకసాగింది. అక్కడున్న ఆడవాళ్ళు అయ్యో అయ్యో అని ముచ్చటపడ్డారు. లక్ష్మీపతి పద్నాలుగు ఫోటోలు తీశాడు.

మర్నాడు ఉదయం స్టేషన్‌లో కూర్చుని, పద్నాలుగింటిలో ఎస్సైగారి నవ్వు దేంట్లో బాగుందో తేల్చడానికి ఒక్కో ఫోటోను పెద్దది చేసి చూస్తున్నాడు. తొమ్మిదో ఫోటోలో నవ్వు బాగుంది. నవ్వు పక్కన దూడ చెవి ఉంది. చెవికి పచ్చబిళ్ళ ఉంది. చివరి నాలుగంకెలు ఆయనకు ఎక్కడో తన చేత్తోనే రాసినట్టు అనిపించాయి. సొరుగులోంచి వెంకటమ్మ ఫిర్యాదు తీశాడు. వేలు పెట్టి ఒక్కో అంకే పోల్చాడు. పన్నెండూ అవే.

ఎస్సై ముందు ఫోనూ కాగితమూ పక్కపక్కన పెట్టాడు. అరుణ్ కుమార్ రెండూ చూశాడు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఆ చెవి కత్తిరించెయ్యప్పా."

"దూడదా సార్?" అన్నాడు లక్ష్మీపతి.

"ఫోటోలోదప్పా! ఎనిమిది కెమెరాలు ఇస్తాండాడు ఆయన. దొంగల్ని పట్టుకునే కెమెరాలు. దొంగతనం కోసరం వాటిని పోగొట్టుకుంటామా?"

తర్కం దృఢంగా ఉంది. లక్ష్మీపతి ఎప్పటిలాగే అడగకుండా బయటికి వచ్చాడు. సైకిల్ స్టాండులో వెంకటమ్మ కూర్చుని ఉంది. ఈసారి దూడ సంగతి అడగలేదు.

"తల్లి సేపడం లేదు నాయనా. బిడ్డ మూతి పెడితేనే కదా పొదుగులోకి పాలు దిగేది? నిన్న గోనెసంచిలో గడ్డి కూరి, సిట్టిని కట్టే పలుపుతాడు దానికి సుట్టి, ముందర పెడ్తి. వాసన సూసింది. సూసి నా మొగంలోకి సూసింది. 'నువ్వు కూడా నాకు బొమ్మ సూపిస్తావా' అన్నెట్ల సూసింది. నాకు తల కొట్టేసినట్టయింది సార్."

వెంకటమ్మ లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది. లక్ష్మీపతి గుండె ఆకారపు చట్రం దగ్గరికి వెళ్ళాడు. ఫోన్ తీశాడు. తొమ్మిదో ఫోటోను చెవితో సహా పెట్టాడు. దాని పక్కన ఫిర్యాదు కాగితాన్ని ఫోటో తీసి పెట్టాడు. కింద ఏం రాయాలో తెలియక పంచనామా భాషలోనే రాశాడు.

'మొదటి ఫోటోలో ఉన్న దూడా, రెండో ఫోటోలోని ఫిర్యాదులో ఉన్న దూడా ఒకటే. నవ్వుతున్న పోలీసులు: ఒకరు.'

బటన్ నొక్కి, ఫోన్ బల్ల మీద పడేసి టీ తాగడానికి పోయాడు. ఉద్యోగం పోతే ఏం చేయాలో ఆలోచించుకుంటూ రెండు టీలు తాగాడు. ఏమీ తోచలేదు. అయినా ఆకలి మాత్రం వేసింది. రెండు బన్నులు తిన్నాడు.

సాయంత్రానికి ఆ ఫోటోలను రెండు లక్షలమంది చూశారు. పై అధికారి ఫోన్ చేశారు. అరుణ్ కుమార్ అటెన్షన్‌లో నిలబడి మాట్లాడాడు. "అవును సార్. నా ప్లానే సార్. అవతలాయనకు అనుమానం రాకూడదని దూడను ఒళ్ళో పెట్టుకుని నవ్వినాను సార్. గుండీ కూడా పోయింది సార్." ఆ రాత్రిలోపే ఎఫ్ఐఆర్ నమోదైంది, కుప్పానికి జీపు వెళ్ళింది. మునిరత్నప్ప దూడను తాను ఎవరో దళారి దగ్గర కొన్నానని, పోలీసువారికి స్వచ్ఛందంగా అప్పగిస్తున్నానని చెప్పి, ఆదర్శ పౌరుడిగా ఒక ఫోటో దిగాడు. దళారి పేరు ఆయనకు గుర్తులేదు.

దూడను వెంకటమ్మ ఇంటికి ఊరేగింపుగా తీసుకెళ్ళారు. జీపులోంచి దింపగానే సిట్టి కొట్టంలోకి పరుగెత్తి తల్లి పొట్ట కింద దూరింది. ఆవు దాన్ని నాకుతూ మూలిగింది. పొదుగు నిండి, దూడ మూతి పక్కనుంచి పాలు నురగ కట్టి నేల మీదికి కారాయి. వెంకటమ్మ గుంజను పట్టుకుని ఏడ్చింది.

"ఎండ అటుపక్కకు పోయింది. దూడను ఒకసారి వెనక్కి పట్టుకోరాండప్పా, మళ్ళా పరిగెత్తిద్దాం," అన్నాడు ఎస్సై.

వెంకటమ్మ కళ్ళు తుడుచుకుని కొట్టం వాకిట్లో అడ్డంగా నిలబడింది. "దానిమీద సెయ్యేసినారంటే సూడు! ఒగసారి దొంగోళ్ళు పట్టుకపోయిరి. ఇంగ మీరా? పోండి, పోండి అవతలికి!"

పోలీసులంటే ప్రజలకున్న భయం పూర్తిగా పోయిందని ఆ విధంగా రుజువైంది.

ఎస్సై అరుణ్ కుమార్‌కు మదనపల్లెలో శాలువా కప్పారు. 'ఒక చెవి, ఒక నవ్వు' అన్న అంశంపై గీత ముప్పావుగంట మాట్లాడింది. లక్ష్మీపతికి మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా ఫోటో పెట్టడం ఒక తప్పు, అందులో హ్యాష్‌ట్యాగ్ లేకపోవడం రెండో తప్పు. శిక్షగా ఆయన్ను ఇన్‌స్టా నుంచి తప్పించి, మళ్ళీ ఫిర్యాదులు రాసే పనికి వేశారు. ఆ శిక్షను ఆయన అప్పీలు లేకుండా స్వీకరించాడు.

అయితే ఖాతా అప్పగించే ముందు ఒక పని మిగిలింది. ఆ ఫోటోల కింద ప్రజలు రాసిన మూడువేల నూటపన్నెండు వ్యాఖ్యలను చదివి, ప్రజాభిప్రాయ నివేదిక పంపమన్నారు. లక్ష్మీపతి మూడు రోజులు కూర్చుని ఒక్కటీ వదలకుండా చదివాడు. మదనపల్లె వాళ్ళు, పుంగనూరు వాళ్ళు, కుప్పం వాళ్ళు, అందరూ చదువుకున్నవాళ్ళే. తొమ్మిది వందల మంది పోలీసువారికి దండాలు పెట్టారు. మూడు వందల మంది ఎస్సైగారి క్రాఫు మెచ్చుకున్నారు. దూడను ఎత్తుకుపోయినవాడు దొరికాడా అని అడిగినవాళ్ళు ఇద్దరు. మిగిలిన పందొమ్మిది వందల పదిమంది కంటికి నీళ్ళు తెప్పించేంత ప్రేమతో ఒకే మాట రాశారు. 'ఎంత ముద్దుగా ఉందో! ఇలాంటిది మా హాల్లోకి ఒకటి కావాలి. ఎక్కడ దొరుకుతుంది? రేటెంత? రసీదు, కాగితాలు లేకపోయినా పరవాలేదు.'

నివేదిక పంపిన వారంలోనే సదుం వైపు రెండు దూడలు, పలమనేరు వైపు ఒకటి మాయమయ్యాయి. పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి లక్ష్మీపతి ముందు నిలబడ్డారు. ఈసారి ఆయన ఎవరినీ అడగకుండా ఎఫ్ఐఆర్ ఫారం తీసి, పేరూ ఊరూ రాసి, నిందితుల వివరాల గడి దగ్గర కలం ఆపాడు. పందొమ్మిది వందల పది పేర్లు ఫోన్‌లో ఊళ్ళతో సహా ఉన్నాయి. ఫారంలో గడి మాత్రం రెండంగుళాలే ఉంది. అందుచేత ఎప్పటిలాగే 'గుర్తుతెలియని వ్యక్తి' అని రాశాడు.