మా ఊరి ప్రభుత్వం బాలింత

మా ఊళ్లో ప్రభుత్వం ప్రస్తుతం బాలింత. కవలలు పుట్టారు. తల్లీపిల్లలు క్షేమం. ఇంతకంటే చక్కని ప్రభుత్వం కెన్యాలో ఇంకెక్కడైనా ఉంటే చూపించండి!

నమ్మరా? జనన పత్రం, భూమి పత్రం, లైసెన్సు, అన్నీ ఆన్‌లైన్‌కి మారాయి కదా. మా సిములి కొండ మీద జనం వాటికోసం నసిమియు నెట్‌షాపుకే పోతారు. ఖాతా తెరవాలంటే ఫోన్ నంబరు కావాలి. మాలో సగం మందికి ఫోన్ లేదు, మిగతా సగానికి నంబరు నిలవదు. నసిమియు ఏం చేసింది? రెండువేల మందికీ తన నంబరే ఇచ్చింది. మహాతల్లి!

పైవాళ్లు లెక్క చూసి మురిసిపోయారు. ఊరంతా ఆన్‌లైన్‌కి వచ్చేసిందట. వచ్చి, మేకను కోయించి, ఉపన్యాసాలిచ్చి, తిని పోయారు.

ఈ పద్ధతి ఎంత గొప్పదో ఆలోచించండి. ఒకప్పుడు ఒక్క కాగితానికి పదకొండు బల్లల ముందు నిలబడేవాళ్లం. ఒకడు టీకి పోతే ఇంకొకడు పెళ్లికి పోయేవాడు. ఇప్పుడు మనిషి ఒక్కతే. ఆమెకు జ్వరమొస్తే రాజ్యానికి జ్వరం. ఆమె ఫోన్ నీళ్లలో పడితే మేం రెండువేల మందిమీ మునిగినట్టే. ప్రజలకూ పాలనకూ ఇంత దగ్గరి చుట్టరికం ఏ దేశం సాధించింది?

ఆ నసిమియుకే ఇప్పుడు కవలలు. మాలో కవలలు పుడితే, తలుపు తెరిచే వేడుక అయ్యేదాకా తల్లి గడప దాటకూడదు. వేడుక ఆదివారం. మా ఊరి బరాసా కూతురు నెలిమా పరీక్షకు పేరు ఎక్కించడానికి ఆఖరి రోజు శుక్రవారం. దానికి జనన పత్రం కావాలి. పత్రానికి కోడ్ కావాలి. కోడ్ నసిమియు ఫోన్‌కి వస్తుంది, రెండు నిమిషాలు బతుకుతుంది.

ఫోన్‌లో చదివి చెప్పొచ్చు కదా అంటారా? బాలింత ఫోన్ ముట్టకూడదని ఆమె మేనత్త శాసనం. ఫోన్ ఆ ముసలమ్మ ఒళ్లో ఉంది, ఇంకొకరి చేతికివ్వదు. ఆవిడకు అంకెలు చదవడం వచ్చు, ఫోన్ చేయడం రాదు.

కాబట్టి మేమే సొంత నెట్‌వర్క్ వేశాం. అత్త కిటికీలోంచి అరుస్తుంది. మొక్కజొన్న చేలోంచి బరాసా అందుకుంటాడు. వంతెన మీద నేను. షాపులో నసిమియు ఆడపడుచు టైపు కొడుతుంది.

"నాలుగు, తొమ్మిది, ఆరు..."

"ఆరా, నూరా?" అరిచాడు బరాసా. "నోట్లో పళ్లు లేకపోతే ఎట్లా అత్తా?"

"నీకు చెవుల్లేక నా పళ్ల మీద పడ్డావా? ఇదే నోటితో నీ పెళ్లిలో పాడాను. అప్పుడు బాగానే వినపడిందిగా."

కోడ్ చచ్చింది. ఇంకోటి తెప్పించాం, అదీ చచ్చింది. ఆరోసారికి మూడు నిమిషాల్లో చేర్చాం. ఇది ప్రగతి కాదా? అప్పుడు ఖాతాకి తాళం పడింది. మా మీద అనుమానంగా ఉందట, ఒక రోజు ఆగమంది.

అప్పటికి శుక్రవారం సాయంత్రం నాలుగు. బరాసా, నెలిమా, నేను, ముగ్గురం జనన మరణాల ఆఫీసుకి పరిగెత్తాం. గుమాస్తా ఖయేంబా మంచివాడు. పాత రిజిస్టరు దించి, దుమ్ము దులిపి, పేజీ తీశాడు.

నెలిమా వేలు పెట్టి చూపించింది. "ఇది నేనే కదా బాబాయ్?"

"నువ్వే తల్లీ. రాసింది నేనే."

"అయితే చూసి ఒక కాగితం మీద రాసి, ముద్ర వేసివ్వు. ఇంకా గంట టైముంది."

"రాయడానికేం, రాస్తాను. ముద్రే లేదు. మీరంతా ఆన్‌లైన్‌కి వెళ్లిపోయారని లెక్క తేలింది కదా, ఇక దీంతో పనేముందని పైవాళ్లు పట్టుకుపోయారు."

బరాసా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఐదు కొట్టినా ఆ పిల్ల పేజీ మీది వేలు తీయలేదు. ఖయేంబా కూడా పుస్తకం మూయలేదు.

పైనున్న అయ్యలారా, నేను ఆన్‌లైన్‌కి వ్యతిరేకిని కాను. మీ యంత్రాలు మీరు పెట్టుకోండి. ఆ ముద్ర మాత్రం ఎక్కడ దాచారో చెప్పండి. నెలిమా ఇంకో ఏడాది ఆగుతుంది, ఆగక ఏం చేస్తుంది?

నేను ఆగను. సోమవారం పొద్దున్నే మీ గుమ్మంలో ఉంటాను.