‘తెల్వదు’కు ఉదాహరణ వాక్యం

గౌలిపురాలో కంప్యూటర్ వినియోగదారులకు ఉచిత సలహాలిచ్చే సంఘం ఒకటి నిరుడు ఆవిర్భవించిందని, నాటి నుంచి బస్తీలో ఏ కంప్యూటరూ తన పాత జబ్బుతో బాధపడలేదని సవినయంగా తెలియజేయడమైనది. పాత జబ్బుతో వచ్చిన ప్రతి యంత్రమూ కొత్త జబ్బుతో ఇంటికి వెళ్ళింది.

సంఘాధ్యక్షులు గుండయ్య గారు గుల్జార్ హౌజ్ దగ్గర ఇత్తడి బిందెల టోకు వ్యాపారి. ఆయన ప్రారంభోపన్యాసాన్ని బస్తీ ఇప్పటికీ తలచుకుంటుంది. “భాయియో, బస్తీల ఒక్క కంప్యూటర్ ఖరాబైనా అందరి ఇజ్జత్ పోయినట్టే. మనం ఉండంగ ఎవ్వరు ఫికర్ జెయ్యొద్దు. అడిగినోళ్ళను జవాబు లేకుంట పంపుడు మన ఖాన్‌దాన్‌ల లేదు!” సంఘానికున్న ఒకే ఒక్క నిబంధన ఈ ఆశయాన్ని చట్టభాషలో పొందుపరిచింది: ‘తెల్వదు’ అని పలికిన సభ్యుని సభ్యత్వము తక్షణమే రద్దగును.

నిబంధన కొత్తదే గాని మర్యాద పాతది. బార్కస్‌కు దారి అడిగిన పరాయి మనిషిని “సీదా పోయి లెఫ్ట్ దీస్కో” అని ఎదురు దిక్కున ఉన్న నయాపూల్‌కు పంపించిన పెద్దమనుషులు మా బస్తీలో ఉన్నారు. తెలియదని చెప్పి నడిరోడ్డు మీద నిలబెట్టిన దుర్మార్గుడు మాత్రం లేడు.

ఈ మర్యాద వల్ల నష్టపోయిన వ్యక్తి ఒక్కరే. ఆమె సావిత్రి గారు, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పాతబస్తీ తెలుగుకు పదకోశం కూర్చడం ఆమె పెట్టుకున్న పని. ప్రతి పదానికీ ఈ వీధుల్లో తాను చెవులారా విన్న వాక్యాన్నే ఉదాహరణగా ఇవ్వాలన్నది ఆమె నియమం. ‘లొల్లి’కి వాక్యాలు కుప్పలుగా దొరికాయి, ‘మస్తు’కు ఎన్నుకోవడమే కష్టమైంది. పదకోశమంతా పూర్తయింది. ‘తెల్వదు’ ఎదుట మాత్రం జాగా ఖాళీగా ఉండిపోయింది. ఆ మాట పలికిన మనిషి ఆమెకు తారసపడలేదు. సొంతంగా వాక్యం కల్పించి రాసుకోవడం ఆమె దృష్టిలో దొంగసాక్ష్యం.

అటువంటి రోజుల్లో ఆమె కీబోర్డు మీద ‘త’ మీట మొరాయించింది. ఎంత నొక్కినా అక్షరం రాదు. సావిత్రి గారికి కోపం రావలసింది; కొంచెం ఆశ కలిగింది. ముగ్గురు పెద్దలు, ఒక మొండి మీట. ఎవరో ఒకరు ఆ మాట అనక తప్పుతుందా? చీర కుచ్చెళ్ళు సవరించుకుని ఆమె సంఘానికి నడిచింది.

కార్యవర్గం ఆమె ఇంటికే తరలివచ్చింది. పాడి యజమాని మొగులయ్య ముందు కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి వేసి చూశాడు. “టీచరమ్మా, బాగ ఉడుకెక్కింది. మా బర్రె పాలు చేపకుంటే గిట్లనే ఉంటది. తడిగోనె కప్పుండ్రి, ఊకనే దారికొస్తది.” గోనెను ఆమె మర్యాదగా గుమ్మం దగ్గరే ఆపింది. గుండయ్య గారు గోడలో ఎర్తింగు లేదని తేల్చి, తన దుకాణం నుంచి ఒక రాగి చెంబు తెప్పించి దానికి తీగ చుట్టించారు. చెంబు బాగానే పనిచేసింది, చెంబుగా.

అప్పుడు అమరనాథ్ లేచాడు. అతడు పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. ఉద్యోగులకు క్యాబులు పంపడం అతని బాధ్యత గనుక ప్రోగ్రామింగ్ విషయంలో అతని మాటకు బస్తీలో తిరుగులేదు. “మీటతోని మనకేం పని మేడం? మీరు ‘ట’ కొట్టుండ్రి. ఏడ ‘ట’ కనవడ్డా నా కోడ్ దాన్ని ‘త’ జేస్తది.” చేసింది కూడా. గోల్కొండ కోట గోల్కొండ కోత అయింది. బోనాల పాట బోనాల పాత అయింది. మాటలన్నీ మాతలై పదకోశమంతటా కొలువుదీరాయి.

సావిత్రి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “నాయనా, ఇది నువ్వు బాగుచేయగలవా? తెలియకపోతే తెలియదని చెప్పు. నేనేమీ అనుకోను.”

“అరె, గంత మాటనకుండ్రి మేడం,” అన్నాడు అమరనాథ్. ‘త’ను తిరిగి ‘ట’ చేసే రెండో కోడ్ రాశాడు. దాంతో తెలుగు టెలుగైంది. తాత టాటా చెప్పి వెళ్ళిపోయాడు.

సంఘం అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిపి, ఇది వైరస్ అని ఏకగ్రీవంగా తీర్మానించింది. వైరస్‌కు మందు ఫార్మాట్ కొట్టుడు. ఎంటర్ కొట్టు, రీస్టార్ట్ కొట్టు, ఫార్మాట్ కొట్టు: ఈ శాస్త్రంలో దెబ్బ తప్ప వేరే చికిత్స లేదన్న సంగతిని సావిత్రి గారు భాషావేత్తగా అప్పుడే గమనించింది.

“నా పదకోశాన్ని ముట్టుకోవద్దు,” అంది స్పష్టంగా. “అక్షరాలు తప్పులు పోయినా నేను కూర్చుని దిద్దుకుంటాను.”

“మీ పదకోశానికి ఏం గాదమ్మా, నాది గ్యారంటీ,” అన్నారు గుండయ్య గారు. “జర చాయ్ ఇప్పిస్తరా?”

సేవ చేయవచ్చిన వారికి చాయ్ ఇవ్వకపోవడం ఎలా? ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కప్పులతో తిరిగి వచ్చేసరికి కంప్యూటరు కడిగిన బిందెలా తళతళలాడుతోంది. అందులో మరకలు లేవు, వైరస్ లేదు, పదకోశమూ లేదు.

పళ్ళెం బల్ల మీద పెట్టి, క్లాసులో అడిగే గొంతుతోనే ఆమె అడిగింది. “ఫార్మాట్ కొట్టింది ఎవరు?”

గుండయ్య గారు చెంబు వైపు చూశారు. “నాకు తెల్వదమ్మా.”

“కసమ్‌సే, నాకు తెల్వదు మేడం,” అన్నాడు అమరనాథ్.

మొగులయ్య అప్పటికే గోనె భుజాన వేసుకున్నాడు. “నేను బర్రెల మనిషిని టీచరమ్మా, నాకేం తెల్వదు!”

చాయ్ తాగి అందరూ సెలవు తీసుకున్నారు. సభ్యత్వమైతే ఎవరికీ రద్దు కాలేదు. నిబంధన కంప్యూటర్లకు సంబంధించిన ప్రశ్నలకే గాని వ్యక్తులకు సంబంధించిన ప్రశ్నలకు వర్తించదని ఆ సాయంత్రమే సవరణ తెచ్చారు.

బల్ల సర్దుతూ సావిత్రి గారు కీబోర్డును బోర్లించి దులిపింది. ఒక సోంపు గింజ రాలింది. భోజనమయ్యాక సోంపు నమలడం ఆమెకే అలవాటు. మీట నొక్కి చూస్తే ‘త’ ముత్యంలా పడింది. ఆమె కాసేపు ఆ గింజను చూసి, కుర్చీ లాక్కుని పదకోశాన్ని మొదటి నుంచి మొదలుపెట్టింది. ప్రస్తుతం అందులో ఒకే ఒక్క పదం ఉంది. ఉదాహరణ వాక్యాలు మూడు.

ఇంతటి పని చేసిన మనిషి ఇంకొక కాపీ ఎక్కడైనా దాచుకోవాలి కదా అని చెప్పడానికి ఈపాటికి నోరు తెరిచిన పాఠకులకు మనవి: సంఘంలో ఖాళీలున్నాయి, దయచేయండి.