చీకటి తనిఖీ

చీకటి అనేది దీపం ఆర్పితే వచ్చేది కాదు, అధికారి సంతకం పెడితే వచ్చేది అన్న మహాసత్యాన్ని కనిపెట్టిన ఘనత పశువుల కంటి ఆసుపత్రికే దక్కుతుంది. (గుడ్లగూబలకు ఈ ఉత్తర్వు ఇంకా అందలేదు.)

ఆ సంగతి తెలియని టైలరమ్మ, తన కుక్క దొరగారిని చంకనేసుకుని పొద్దున్నే ఏడింటికి వచ్చి క్యూలో నిలబడింది. దొరగారికి పదేళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, సొంతింట్లోనే కుట్టుమిషను కాళ్లకు గుద్దుకుంటూ తిరుగుతున్నాడు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఆర్నెల్లకొకసారి వస్తాడు, నాలుగింటికల్లా వెళ్లిపోతాడు. శుక్లం వెనకున్న రెటీనా పనిచేస్తోందని పరీక్ష మిషను చెబితేనే ఆయన కత్తి పట్టేది. పనిచేయని రెటీనా ముందు ఎంత శుక్లం తీసినా దండగే కదా. ఇంతవరకూ అంతా సబబుగానే ఉంది, అందుకే టైలరమ్మకు ఏ అనుమానమూ రాలేదు.

పరీక్ష కూడా తేలికే. కుక్కకు మత్తిచ్చి ఇరవై నిమిషాలు కటిక చీకట్లో ఉంచాలి. తర్వాత కంటిమీద తీగ ఉన్న కటకం పెట్టి, ఒక్కసారి లైటు తళుక్కుమనిపిస్తే, రెటీనా బతికుంటే తెరమీద గీత ఎగిరిపడుతుంది. మధ్యలో వెలుతురు సోకిందా, మళ్లీ మొదటి నిమిషం నుంచి లెక్క.

చిక్కల్లా చీకటి నాణ్యత దగ్గర వచ్చింది. ఎప్పుడో ఎవరో పలచటి చీకట్లో పరీక్ష కానిచ్చేశారని ఫిర్యాదు రావడంతో, చీకటి పర్యవేక్షణాధికారి అనే పోస్టు పుట్టింది. ఆయన ఐదు నిమిషాలకొకసారి గదిలోకి వచ్చి, చీకటి నిబంధనల ప్రకారమే ఉందో లేదో చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. చూడటానికి ఆయనకు టార్చిలైటు ఇచ్చారు. (మూడు బ్యాటరీలది. చీకటి గది చివరిదాకా ఉందో లేదో తెలియాలి కదా.)

మనిషి మంచివాడే. తలుపు తీసుకుని వచ్చి, నాలుగు మూలలా టార్చి వేసి, ఎందుకైనా మంచిదని దొరగారి కళ్లలోకి కూడా వేసి, చీకటి బాగానే ఉందని సంతకం పెట్టి వెళ్లేవాడు. పరీక్ష మిషను నడిపే అమ్మాయి గడియారాన్ని సున్నాకి తిప్పేది. రెండయ్యేసరికి పదకొండు సంతకాలయ్యాయి, చీకటి మాత్రం ఐదు నిమిషాలు దాటలేదు. ఇదివరకొచ్చిన కుక్కలన్నీ ఇలాగే ‘స్పందన లేదు’ అని రాయించుకుని వెళ్లాయని, ఆపరేషన్ కోసం ఎదురుచూసే కుక్క ఒక్కటీ లేని ఆసుపత్రిగా తమకు షీల్డు కూడా వచ్చిందని ఆ అమ్మాయి చల్లగా చెప్పింది. టైలరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

ముప్పై ఏళ్లుగా జనం కొలతలు తీసిన మనిషికి ఈయన కొలత దొరక్కపోతుందా. అస్తమానం తిరగడం ఎందుకు సార్, లోపలే కూర్చుని తనివితీరా చూడండి అని కుర్చీ వేసింది. ఇంత మర్యాదగా ఆయన్ని చీకట్లోకి ఎవరూ పిలవలేదు. కూర్చున్నాడు, మూడో నిమిషానికి గురక అందుకున్నాడు. టైలరమ్మ దొరగారి పొట్టమీద చెయ్యేసి, ఊపిరి బిగబట్టుకుని ఇరవై నిమిషాలూ గడిపింది. లైటు తళుక్కుమంది. గీత కొండంత ఎత్తు లేచింది.

"బంగారంలాంటి రెటీనా అమ్మా," అంది మిషను అమ్మాయి. టైలరమ్మ ఏడ్చేసింది.

అధికారి లేచి రిజిస్టరు చూసుకున్నాడు. నాలుగు సంతకాలు లేవు. ఇప్పుడు పెట్టేయమని ఆమె కాళ్లావేళ్లా పడింది. ఆయన నొచ్చుకున్నాడు. చూడని చీకటిని చూశానని రాసే రకం కాదట తను. చీకటికి రుజువు లేదు కనక, గీత లేచినా లేవనట్టే. కాకపోతే అప్పీలుకు వీలుంది, ఒక ప్రత్యక్ష సాక్షి ఉంటే చాలు. (మిషను అమ్మాయి మిషను తరఫు మనిషి కాబట్టి చెల్లదు.) నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా టైలరమ్మ ఆయన ముందే సాక్షిగా నిలబడింది.

"ఆ ఇరవై నిమిషాలూ మీరు గదిలోనే ఉన్నారా?"

"ఉన్నాను సార్."

"కళ్లు తెరుచుకునే ఉన్నారా?"

"రెప్ప కూడా వెయ్యలేదు సార్."

"ఏం కనిపించింది?"

"ఏమీ కనిపించలేదు సార్."

కిటికీ కింద పెద్ద డాక్టరు కారు స్టార్టయింది. అధికారి ఆమె వంక జాలిగా చూసి, ‘సాక్షికి చూపు లేదు’ అని రాసుకుని, ఆ రోజుకి పన్నెండో సంతకం పెట్టాడు.