ఎనభై ఒక్క కుర్చీలు

ఆ శనివారానికి హెస్టర్ ఓల్డ్‌రాయిడ్ వేసుకున్న పథకంలో చావు లేదు. తొమ్మిదింటికి కుర్చీల లెక్క తెలుసుకోవాలి. మర్టిల్ రొట్టెల దుకాణంలో బన్నులకు చెప్పాలి. నాలుగింటికి కౌన్సిల్ నుంచి వచ్చే మిస్ పెండిల్‌కు చర్చి చూపించాలి. ఏడింటికి ఊరి బ్యాండుతో తొలి కచేరీ. అంతే.

స్కెల్‌బెక్ చర్చికి ఆరువందల ఏళ్ళు. ప్రార్థనకు వచ్చేవాళ్ళు చివరికి నలుగురే మిగిలితే పైవాళ్ళు తాళం వేశారు. ఎవరో కొనుక్కుని సెలవుల ఇళ్ళుగా విడగొడతానని తిరుగుతున్నాడు. దాన్ని ఊరందరి కచేరీశాలగా నిలబెట్టాలని హెస్టర్ రెండేళ్ళుగా కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగింది. ఆమె పెళ్ళి అందులోనే జరిగింది. మొగుణ్ణి పూడ్చింది కూడా ఆ ఆవరణలోనే. ఇవాళ అనుమతి రాకపోతే సోమవారం చర్చి అమ్ముడైపోతుంది.

అడ్డం ఒక్కడే: ఆంబ్రోస్ టికెల్. నలభై ఏళ్ళు ఆ చర్చి గంట కొట్టిన ముసలాయన, మొండివాడు, పైగా చెవిటివాడు. డప్పుల మోత పనికిరాదని కౌన్సిల్‌కు పద్నాలుగు ఉత్తరాలు రాశాడు. చెవిటివాడికి మోతతో ఏం పని అని ఎవరో అంటే పదిహేనోది రాశాడు.

"పొద్దున తొమ్మిదింటికి రింగిచ్చి, కుర్చీలెన్నొచ్చాయో చెప్పెయ్," అని ముందురోజే హెస్టర్ సౌండు మనిషి ఫెర్గస్‌కు చెప్పి పెట్టింది. అతను లీడ్స్ నుంచి వచ్చినవాడు, చెప్పింది చెప్పినట్టు చేసే రకం.

తొమ్మిదయ్యేసరికి ఆమె దుకాణంలో ఫోను చేతబట్టుకుని నిలబడింది. ఫోను మోగలేదు. చర్చి గంట మోగింది.

దుకాణంలో అందరూ బిగుసుకుపోయారు. ఆ ఊళ్ళో గంటకొక భాష ఉంది. మూడు దెబ్బలైతే పసిబిడ్డ, ఆరైతే ఆడమనిషి, తొమ్మిదైతే మగవాడు. ఆ తర్వాత కాసేపు ఆగి పోయినవాళ్ళ వయసు, ఏడాదికో దెబ్బ.

"తొమ్మిది. మగాడే," అంది మర్టిల్, పిండిచేతులు గాల్లోనే పెట్టి.

గంట మళ్ళీ మొదలైంది. అందరూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. అరవై అయిదు దాటేసరికి మర్టిల్ "హమ్మయ్య, మా ఆయన కాదు" అని ఊపిరి పీల్చుకుంది. ఎనభై ఒకటి దగ్గర గంట ఆగిపోయింది.

"ఎనభై ఒకటంటే ఇంకెవరు, ఆంబ్రోసే!" అంది మర్టిల్.

"గంట కొట్టేది ఆయనే కదే. ఆయనే పోతే ఎవరు కొట్టినట్టు?" అంది హెస్టర్.

"పోయినాయన దగ్గర కూడా లెక్కలేనా నీకు? పాపం!" అని మర్టిల్ కళ్ళొత్తుకుంది. చేతిపిండి కళ్ళలో పడి, ఏడుపు నిజమైంది.

హెస్టర్‌కు తను అన్న మాట గుర్తొచ్చింది. నిన్న సాయంత్రమే ఆయన గేటు దగ్గర నిలబడి, "మీరుండగా ఈ ఊళ్ళో పాట పలకదు పెద్దాయనా!" అని అరిచింది. ఆయనకు వినబడాలని గట్టిగానే అరిచింది.

అందరూ ఆంబ్రోస్ ఇంటికి పరుగెత్తారు. తలుపుకు తాళం, కిటికీలకు పరదాలు, గుమ్మంలో ముట్టని పాలసీసా. తివాచీ వెలిసిపోతుందని ఆయన పరదాలు ఏనాడూ తీయడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆవేళ ఒక్కరికీ గుర్తురాలేదు.

"తెల్లారకుండానే చర్చి సందులో నల్లబండి చూశా. ఇద్దరు మనుషులు పొడుగాటి పెట్టె మోస్తున్నారు," అన్నాడు పక్కింటాయన.

"ఇంకేముంది, తీసుకెళ్ళిపోయారు," అంది మర్టిల్.

మధ్యాహ్నం హెస్టర్ మిస్ పెండిల్‌కు ఫోను చేసి విషయం చెప్పింది. "పోయినవారి ఆక్షేపణ చెల్లదండీ. ఆ ముక్కే రాసి పంపండి," అంది అవతలి గొంతు. హెస్టర్ రాసి పంపింది. పంపగానే మనసు తేలికపడింది, తేలికపడినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి నాలుగింటికి చర్చిలో సంతాపసభ అని ఊరంతా చాటించింది. పందితొడ ఉడికించకుండా మనిషిని సాగనంపితే అక్కడ నగుబాటు. గంట తిరక్కుండానే ఆరిళ్ళలో పొయ్యిలు వెలిగాయి.

నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా ఆమె చర్చిలో అడుగుపెట్టింది. నల్లబట్టల జనంతో కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో మిస్ పెండిల్, ఒళ్ళో దస్త్రం. ఫెర్గస్ మొహం వెలిగిపోతోంది.

"ఏం జనం మేడమ్! పొద్దున నా రింగ్ వినబడిందా?"

"ఏం రింగు? నీ ఫోనే రాలేదుగా."

"లోపల ఫోను ఎక్కడ పలుకుతుంది మేడమ్, ఇంతింత గోడలు! మీరు చెప్పింది ఈ గంటేననుకున్నా. తొమ్మిదన్నారు, తొమ్మిది కొట్టా. తర్వాత కుర్చీకొకటి. ఎనభై ఒకటీ వచ్చేశాయి. చూడండి, చేతులు బొబ్బలెక్కాయి."

అక్కడివాళ్ళ భాషలో ఫోనుకూ రింగే, గంటకూ రింగే. హెస్టర్ పైప్రాణాలు పైనే పోయాయి.

"మరి నల్లబండి?"

"నాదే. స్పీకర్లు తెచ్చా."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. శనివారం! కొత్త చెవి మిషను కోసం పొద్దుటి బస్సులో పట్నం వెళతానని ఆంబ్రోస్ వారం నుంచీ కనబడిన వాళ్ళందరికీ చెబుతున్నాడు. తిరుగు బస్సు నాలుగూ పదికి చర్చి గేటు ముందే ఆగుతుంది.

నిజం చెబితే కౌన్సిల్‌కు అబద్ధం రాసిచ్చినట్టు, అనుమతి గల్లంతు. చెప్పకపోతే ఇంకాసేపట్లో పోయినవాడే నడిచొస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈలోగా మర్టిల్ మైకు అందుకుంది.

"నా రొట్టెతో గోడ కట్టుకోవచ్చని రోజూ అనేవాడు. అయినా రోజూ కొన్నాడు. అలాంటి మనిషి మళ్ళీ పుడతాడా!"

జనం ముక్కులు చీదారు. బ్యాండు ఆయనకిష్టమైన కీర్తన అందుకుంది. పాట ముగిసేసరికి బయట బస్సు బ్రేకు కీచుమంది. హెస్టర్ లేచి నిలబడింది.

"మిస్ పెండిల్, నేను రాసిచ్చింది అబద్ధం. ఆంబ్రోస్ గారు బతికే ఉన్నారు. తెలియక రాశాను, తెలిశాక దాచలేను. చర్చి పోతే పోనివ్వండి."

"దుఃఖంతో మతిపోయింది పాపం," అని మర్టిల్ ఆమెను కూర్చోబెట్టబోయింది.

"మతి ఉన్నది ఆవిడ ఒక్కదానికే," అని గుమ్మంలోంచి వినబడింది.

నల్ల టోపీలన్నీ వెనక్కి తిరిగాయి. ఒకావిడ సొమ్మసిల్లింది. బాకా ఊదేవాడు భయంతో ఊదేశాడు. ఆంబ్రోస్ చెవి మిషను సవరించుకుంటూ లోపలికి వచ్చాడు.

"కొత్త మిషను. వాకిట్లోంచే బాగా వినబడుతోంది. మర్టిల్, రొట్టె విషయంలో ఇప్పటికీ అదే మాట. ఏం పిల్లా హెస్టర్, ఏమిటిదంతా?"

ఆమె కుర్చీల సంగతి, గంట సంగతి గడగడా చెప్పేసింది.

"ఎనభై ఒకటా? నాకు ఎనభై రెండు! మంగళవారమే నిండాయి. పుట్టినరోజుకి పలకరించిన పాపాన పోలేదు ఒక్కరూ. చావుకి మాత్రం ఊరంతా దిగారు!"

మిస్ పెండిల్ దస్త్రం తెరిచింది. "మీరు ఉన్నారు కాబట్టి మీ ఆక్షేపణ కూడా ఉన్నట్టే. ఏం చేయమంటారు?"

ఆంబ్రోస్ గంటమోకు వంక చూశాడు.

"మోత నాకొక లెక్కా? మీ ప్లానులో గంట పేరు పక్కన 'అలంకారం' అని రాశారు. మా ఆవిడ ఎడిత్ పోయినప్పుడు ఆరు కొట్టి, ఆపైన డెబ్బై నాలుగు, ఈ చేతుల్తోనే కొట్టాను. అది అలంకారమా? ఇక దాన్ని మూగదాన్ని చేస్తారనుకున్నా." ఆయన మోకు మీద చెయ్యి వేశాడు. "ఇవాళ అది పలికితే ఊరు కదిలొచ్చింది. కచేరీకి ముందు గంట కొట్టాలి, నేనే కొట్టాలి. సరేనంటే ఉత్తరాలన్నీ వెనక్కి."

"సరే పెద్దాయనా, సరే!" అంది హెస్టర్. ఇక కన్నీళ్ళు ఆపుకోలేదు. ఆంబ్రోస్ సంతకం పెట్టాడు, పక్కనే మిస్ పెండిల్ ముద్ర వేసింది. ఏడింటి కచేరీకి ఎవరూ ఇంటికెళ్ళి రానవసరం లేకపోయింది, పందితొడలూ అక్కడే ఉన్నాయి.

"ఇంకో ఆక్షేపణ," అన్నాడు ఆంబ్రోస్ చుట్టూ చూసి. "నాకు కుర్చీ ఏదీ?"

సోమవారం ఫెర్గస్ ఎనభై రెండో కుర్చీ తెప్పించాడు. వచ్చిందన్న సంగతి మాత్రం ఉత్తరం రాసి తెలియజేశాడు.